కెమెరా అద్దెకిచ్చే ముందు

చిరంజీవి అల్లుడికి,

మామయ్య ఆశీస్సులు. మాఘమాసం ముహూర్తాలకు, నీకు పని లేని రోజుల్లో కెమెరాలు, లెన్సులు, లైట్లు అద్దెకిద్దామనుకుంటున్నావని అక్క చెప్పింది. మంచి ఆలోచనే. నువ్వు వాట్సాప్‌లో పంపిన ఒప్పందం మాత్రం ఇంటి అద్దె కాగితంరా. 'సదరు ఇంటికి వెల్ల వేయించి అప్పగించవలెను' అన్న మాట కూడా తీసెయ్యలేదు.

కెమెరా చరాస్తి. దానికి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు చుట్టూ తిరగక్కర్లేదు. అందరూ వాడే వంద రూపాయల స్టాంపు కాగితం మీద ఇద్దరూ సంతకాలు చేసి, సాక్షులను పెట్టుకోండి. ఇలాంటి వాటికి 1872 నాటి కాంట్రాక్టు చట్టంలో బెయిల్‌మెంట్ అని, అంటే వస్తువును ఇంకొకరి చేతికిచ్చి తిరిగి తీసుకోవడం గురించి, ఒక భాగం ఉంది. తీసుకున్నవాడు నీ వస్తువును సొంత వస్తువులా జాగ్రత్తగా చూసుకోవాలి. తన తప్పువల్ల గడువుకి తిరిగివ్వకపోతే, ఆ తర్వాత దానికేమైనా అయినా అతనే భరించాలి. అయితే 150వ సెక్షన్ నీకు చుట్టుకుంటుంది. అద్దెకిచ్చిన వస్తువులో లోపముంటే, అది నీకు తెలియకపోయినా దానివల్ల జరిగే నష్టం నీదే. ఉబ్బిన బ్యాటరీ ఏదైనా ఉంటే ఇవాళే పక్కన పడేయ్.

కాగితానికి ప్రాణం షెడ్యూలే, అంటే ఇచ్చే వస్తువుల జాబితా. 'కెమెరా ఒకటి, లెన్సులు రెండు' అని రాస్తే రేపు ఏదో పాత కెమెరా తెచ్చి చేతిలో పెట్టి, ఇదే నువ్విచ్చింది అంటాడు. బాడీ అడుగున ఉండే సీరియల్ నంబరు, ప్రతి లెన్సు మీదున్న నంబరు, బ్యాటరీలెన్ని, మెమరీ కార్డు ఎన్ని జీబీ, ఆఖరికి లెన్సు మూతలు కూడా రాయి. లెన్సు మీద గీత ఉంటే అతని ఎదుటే ఫొటో తీసి, గీత ఉన్నట్టు షెడ్యూలులో ఎక్కించు. తిరిగివ్వాల్సిన తేదీతో పాటు గంట కూడా ఉండాలి. ఇంకొకరికి ఇవ్వకూడదని స్పష్టంగా రాయి. వస్తువు ఎగ్గొట్టి నమ్మకద్రోహం కింద, అంటే భారతీయ న్యాయ సంహిత 316 కింద, కేసు పెట్టాల్సి వచ్చినా స్టేషన్లో మొదట చూసేది ఆ షెడ్యూలే.

డ్రోన్‌ను ఇందులో కలపకు. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం, లీజుకిచ్చినా ఆ వివరాలు ప్రభుత్వ ఆన్‌లైన్ పోర్టల్‌లో ఎక్కించాలి.

ఇక ఆధార్ సంగతి. ఒరిజినల్ కార్డు తాకట్టు పెట్టించుకోవద్దు. ఆధార్ వెబ్‌సైటులోనే మాస్క్‌డ్ ఆధార్ వస్తుంది, అందులో చివరి నాలుగు అంకెలే కనిపిస్తాయి. అది తెమ్మను. కాపీ మీద అడ్డంగా 'ఫలానా కెమెరా అద్దె కోసం మాత్రమే' అని తేదీ వేసి, అతని చేతే సంతకం చేయించు.

ఎవరైనా టైముకి ఇవ్వకపోతే వాళ్ల ఆధార్ ఫొటో ఫొటోగ్రాఫర్ల గ్రూపుల్లో తిప్పడం చాలామందికి అలవాటు. ఆ పని చెయ్యకు. ఒప్పందం కాపీ ఇన్సూరెన్సు వాళ్లకో, ఆడిటర్‌కో పంపాల్సి వస్తే, వాళ్లకు అక్కర్లేని ఫోన్ నంబరు, చిరునామా, బ్యాంకు ఖాతా కప్పేసి పంపు. కప్పడమంటే పీడీఎఫ్ మీద నల్ల డబ్బా గీయడం కాదు. కింద అక్షరాలు అలాగే ఉంటాయి, కాపీ చేసి ఇంకోచోట పేస్ట్ చేస్తే బయటపడతాయి. 2019 జనవరిలో అమెరికాలో, ట్రంప్ ఎన్నికల ప్రచారం నడిపిన పాల్ మానఫోర్ట్ లాయర్లు కోర్టుకిచ్చిన కాగితంలో నల్లగీతల కింది రహస్యాలు ఇలాగే బయటికొచ్చాయి. ఫోన్‌లో హైలైటర్‌తో పులిమితే బ్రైట్‌నెస్ పెంచగానే చదవొచ్చు. ప్రింట్ తీసి, కప్పాల్సిన చోట చిన్న కాగితం ముక్క అంటించి, మళ్లీ స్కాన్ చెయ్యి. మొరటుగా ఉన్నా ఖాయమైన పద్ధతి అదే. ఆధార్ కాపీ మీదున్న క్యూఆర్ కోడ్ కూడా కప్పు. చిరునామా దాచి దాన్ని వదిలేస్తే, స్కాన్ చేసినవాడికి చిరునామా, పుట్టిన తేదీ రెండూ దొరుకుతాయి.

ఇదంతా కాపీల మీదే సుమా. ఒరిజినల్ మీద సిరా పడనివ్వకు. సంతకాలయ్యాక అందులో ఒక్క అంకె కొట్టేసినా ఎదుటి లాయరు పత్రాన్నే దిద్దేశారంటాడు. రాసేటప్పుడే తప్పు పడితే, కొట్టేసిన చోట ఇద్దరూ పొట్టి సంతకం పెట్టండి.

షెడ్యూలు తిరగరాసి ఆదివారంలోగా పంపు, చూసి పెడతాను. వెల్ల మాట తీసెయ్.

మీ మామయ్య