పట్టా కప్పిన వడ్ల రాశి లోపల ఎందుకు కాలుతోంది?

ప్రశ్న: సార్, యాసంగి 1010 రకం వడ్లు మిషన్‌తో కోయించి కల్లంలో పోశాను. వాన భయానికి మూడు రోజులుగా పట్టా తీయలేదు. చినుకు లోపలికి పోలేదు, ఎండ కూడా లేదు, అయినా రాశిలో చేయి పెడితే కాలుతోంది, పట్టా కింద అంతా చెమ్మ. ఈ వేడి ఎక్కడిది?
– మిర్యాలగూడ దగ్గరి రైతు

జవాబు: ముందు పట్టా తీసేయండి అన్నా, మిగతాది తర్వాత చదువుకోవచ్చు.

ఆ వేడి మీ గింజలదే. కోసినా పచ్చి వడ్లు బతికే ఉంటాయి, ఊపిరి పీలుస్తూనే ఉంటాయి. పైరు మీద ఉన్నన్నాళ్లు ఆకులు ఎండను పట్టి, కార్బన్ డయాక్సైడ్‌నూ నీటినీ కలిపి పిండి పదార్థం చేశాయి, అంటే ఆ ఎండే గింజలో దాగి ఉంది. ఇప్పుడు గింజ అదే పిండిని ఆక్సిజన్‌తో మండిస్తోంది, కాకపోతే మంట ఉండదు, ఎంజైమ్‌లు మెల్లగా కానిస్తాయి. వచ్చిన శక్తిలో కొంత తన పనులకు వాడుకుంటుంది, సగానికి పైగా వేడిగానే పోతుంది.

కిలో పిండి ఇలా పూర్తిగా ఖర్చయితే దాదాపు 4 వేల కిలో కేలరీలు, అంటే 50 లీటర్ల నీళ్లు మరిగేంత వేడి. అర లీటరు పైగా నీరు కూడా పుడుతుంది. మీ పట్టాకు పట్టిన చెమ్మలో అదీ ఉంది. ఆ తడికి బూజు లేస్తే అదీ ఊపిరి పీలుస్తుంది. వేడి 10 డిగ్రీలు పెరిగితే ఊపిరి వేగం ఇంచుమించు రెట్టింపు, అందుకే మొదటి రోజు గోరువెచ్చగా ఉన్న రాశి మూడో రోజుకు చేయి పెట్టనివ్వదు.

వాన తెరిపి ఇవ్వగానే రెండు మూడు అంగుళాల మందాన పరిచి, గంటకోసారి కాళ్లతో సాళ్లు తీస్తూ తిరగేయండి. తేమ ఆవిరి కావడానికి వేడి కావాలి, ఆ వేడిని గింజ నుంచే లాక్కుంటుంది కాబట్టి పరిచిన కాసేపటికే వడ్లు చల్లబడతాయి. 22 శాతం తేమ 17కి రావాలంటే క్వింటాలుకు 6 లీటర్ల నీరు పోవాలి, అది ఒక పూటలో అయ్యే పని కాదు. వాన ఆగకపోతే క్వింటాలుకు కిలో ఉప్పు, 20 కిలోల పొడి ఊక కలిపి పోగు పెట్టండి, మొలకా రంగు మారడమూ తగ్గుతాయి.

ఇప్పటికే పసుపు తిరిగిన గింజ మళ్లీ తెల్లబడదు. దాన్ని వేరే పోయండి, మంచి వడ్లలో కలిపారంటే మొత్తానికీ ధర కోస్తారు.