ఆంత్రోపాలజీ మొదటి సంవత్సరం: బంధుత్వ పటం ఎందుకు చిక్కుపడుతుంది?

"ప్రాజెక్టుకి బంధుత్వ పటం గీస్తున్నాను. రెండో మనిషిని అడిగేసరికి అంతా తారుమారవుతోంది, ఏం చేయాలి?" అని ఒక విద్యార్థి అడిగారు.

తప్పు గీతలో లేదు, మీ ప్రశ్నలో ఉంది. "మీకు అన్నలెందరు?" అని అడిగి ఉంటారు. చాలా సమాజాల్లో ఆ మాట తోడబుట్టినవాడి దగ్గర ఆగదు, తండ్రి అన్నదమ్ముల కొడుకులకూ అదే వరస. ఒకరు ముగ్గురంటారు, వాళ్ల తమ్ముడు పదకొండుమందంటాడు. ఇద్దరూ నిజమే చెప్పారు.

దీనికి మందు 1898లోనే దొరికింది. కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయ పరిశోధక బృందంతో ఆస్ట్రేలియా, న్యూ గినీ మధ్య ఉన్న టోరెస్ జలసంధి దీవులకు వెళ్లిన డబ్ల్యూ.హెచ్.ఆర్. రివర్స్ అనే ఆయన వైద్యుడు. అక్కడివాళ్ల చూపును పరీక్షించడం ఆయన పని. చూపులో కనిపించిన లక్షణాలు ఒకే కుటుంబంలో వస్తున్నాయేమో చూద్దామని వంశావళులు రాయడం మొదలుపెట్టాడు. తండ్రి, తల్లి, బిడ్డ, భర్త, భార్య: వీలైనంతవరకు ఈ ఐదు మాటలతోనే నడిపించాడు. తండ్రి పేరు చెప్తే కన్నతండ్రేనా అని రూఢి చేసుకునేవాడు. తర్వాత తల్లి, ఆమె కన్న పిల్లలు పెద్ద నుంచి చిన్న దాకా, ఒక్కొక్కరి పెళ్లి, వాళ్ల సంతానం. పేర్లన్నీ పూర్తయ్యాకే వరసలు అడగాలి. ఈ రెండు విడతలూ కలిపేస్తే పటం పాడవుతుంది.

గీయడం తేలికే. మగవారికి త్రిభుజం, ఆడవారికి వృత్తం, పెళ్లికి సమాన గుర్తు, చనిపోయినవారిపై అడ్డగీత. ఎవరి వైపు నుంచి వరసలు చెప్తున్నామో ఆ ఈగోని నింపి చూపండి. ఒక తరమంతా ఒకే మట్టంలో ఉండాలి. పేర్లు పటం మీద రాయకండి. అంకెలు వేసి, వేరే కాగితం మీద పేరు, ఆ మనిషి గురించి వేరేవాళ్లతో చెప్పే వరస, ఎదురుగా పిలిచే పిలుపు అని మూడు గడులు పెట్టండి. చివరి రెండూ ఒకటి కావు, విద్యార్థులు ఎక్కువగా పొరబడేది అక్కడే.

వరసలు పిలిచే పద్ధతులకు ఎస్కిమో, హవాయియన్ అంటూ ఉన్న ఆరు పేర్లు బట్టీ పట్టించడం నాకు అసలు నచ్చదు. తోబుట్టువులు, పెదనాన్న పిల్లలు, పెద్దమ్మ పిల్లలు, మేనత్త పిల్లలు, మేనమామ పిల్లలు: ఈ ఐదుగురి వరసలు అడిగితే చాలు. అందరికీ ఒకే మాటైతే హవాయియన్. అందరికీ వేర్వేరైతే సూడానీస్. తోబుట్టువులు విడిగా, మిగతా నలుగురూ ఒకటైతే ఎస్కిమో. పెదనాన్న, పెద్దమ్మ పిల్లలకు తోబుట్టువుల మాటే ఉండి, మేనత్త, మేనమామ పిల్లలు మాత్రం విడిపోతే ఇరాక్వాయ్. మేనత్త కూతుర్ని కూడా మేనత్తే అన్నారంటే పొరపాటు దొర్లిందని కొట్టేయకండి, అది క్రో పద్ధతి. మేనమామ కొడుకు మేనమామే అయితే ఒమాహా.