శబ్దం వినిపిస్తోంది, మాట అందడం లేదు

ప్రశ్న: బరంపురంలో చీరల కొట్టు మాది. నాకు 61 ఏళ్లు. రెండు చెవులకీ మిషన్లు ఉన్నాయి. ఇంట్లో ఇబ్బంది లేదు. కొట్లో ఫ్యాన్లు, ఆటో హారన్ల మధ్య బేరం మాట అర్థం కాదు. సౌండు పెంచితే రొదా పెరుగుతోంది. ఇంకా ఖరీదైనవి కొనాలా?

జవాబు: ఇప్పుడే కొనకండి. మిషన్ మైకు మీ చెవి దగ్గరుంది, మాటేమో అవతలి మనిషి నోటి దగ్గర పుడుతోంది. సౌండు పెంచితే రెండింటి మధ్యనున్న రొదంతా కలిసే పెరుగుతుంది. వయసుతో ముందు తగ్గేది సన్నని, కీచు శబ్దాల వినికిడి. అచ్చులు అందుతాయి, హల్లులు జారిపోతాయి. ‘పట్టు’ అన్నారో ‘కట్టు’ అన్నారో తేలదు. తెలుగులో మొదలై ఒడియాలోకి మళ్లే బేరంలో ఊహించుకోవడం మరీ కష్టం.

ముందు ఉన్నవాటినే ఆడియాలజిస్టుకి, అంటే వినికిడి నిపుణులకి, చూపించండి. చెవిలో ఉండే కొసన గుబిలి ఫిల్టరు, పైన మైకు రంధ్రాలు మూసుకుపోయాయేమో చూస్తారు. ఎదురుగా వచ్చే మాటనే ఎక్కువ పట్టే ప్రోగ్రామ్ పెట్టమనండి. చెవిలోని రబ్బరు డోమ్‌కి చిల్లులుంటే రొద నేరుగా లోపలికొచ్చి ఆ ప్రోగ్రామ్‌ని నీరుగారుస్తుంది. మీ వినికిడికి చిల్లుల్లేని డోమ్ సరిపోతుందేమో అడగండి. పెట్టిన కొత్తలో సొంత గొంతు బుంగలోంచి వచ్చినట్టుంటుంది.

తర్వాత గద్దె తిప్పండి. రోడ్డు మీ వీపు వెనక ఉండాలి. వ్యాపారికిది నచ్చదు, తెలుసు! కానీ బేరానికొచ్చినవాళ్ల ముఖం మీద గుమ్మం వెలుతురు పడి పెదాలు కూడా కనిపిస్తాయి.

ఇంకా చాలకపోతే రిమోట్ మైకు, అంటే మాటని వైరు లేకుండా మీ మిషన్‌కి పంపే విడి మైకు. వచ్చినవాళ్ల కొంగుకి తగిలించలేం కాబట్టి చీరలు పరిచే చోట, వాళ్లకి దగ్గరగా, ఫ్యాను గాలి తగలకుండా పెట్టండి. దూరం సగమైతే మాట సుమారు 6 డెసిబెల్స్ పెరుగుతుంది, రొద పెరగదు. అంటే 120 సెంటీమీటర్ల నుంచి 30కి తెస్తే 12. గాజు కౌంటరు మీద వద్దు, చేతిగాజుల చప్పుడు కూడా చెవిలో మోగుతుంది. చాలావరకు ఏ కంపెనీ మిషన్‌కి ఆ కంపెనీ మైకే కలుస్తుంది. కలిపి చూపించాకే డబ్బివ్వండి.

ప్రశ్న: మామగారికి మిషన్ లేదు. పెళ్లిళ్లలో ఫోన్‌తో సర్దుకోవచ్చా? – పర్లాకిమిడి

జవాబు: కొంతవరకు. ఆండ్రాయిడ్‌లో ‘లైవ్ ట్రాన్స్‌క్రైబ్’ మాటని తెలుగు అక్షరాల్లో చూపిస్తుంది. ఫోన్ మాట్లాడేవారి నోటికి జానెడు దూరంలో ఉండాలి. బాజాల పక్కనైతే తప్పులే రాస్తుంది. మాటని పెంచి వినిపించే ‘సౌండ్ యాంప్లిఫయర్’ వాడితే వైరున్న ఇయర్‌ఫోన్ పెట్టండి, బ్లూటూత్‌లో మాట ఆలస్యమై పెదాలతో కలవదు. ఒక చెవే తగ్గినా ఈఎన్‌టీకి చూపించాలి. హఠాత్తుగా తగ్గితే మాత్రం ఆ రోజే వెళ్లాలి.