లాంకాస్టర్ యాత్ర రాసిన తమ్ముడికి

తమ్ముడూ,

ఆమిష్‌ల గురించి, అంటే అమెరికాలో కట్టుబాట్లతో సాదాగా బతికే ఆ క్రైస్తవ శాఖ గురించి, నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. పెన్సిల్వేనియాలో లాంకాస్టర్ కౌంటీ, ఇంటర్‌కోర్స్ అనే ఊరు, గుర్రబ్బగ్గీలు, గడ్డాలు, టోపీలు అన్నీ రాశావు, కానీ చదివాక ఒక్క మనిషి కూడా గుర్తుండలేదు. ముందు ఆ ఊరి పేరు మీద వేసిన జోకు తీసెయ్. తర్వాత "కాలం ఆగిపోయిన ఊరు" అన్న మాట కొట్టెయ్. కొత్త వస్తువు ఏదొచ్చినా దాన్ని ఇంట్లోకి రానివ్వాలా, గడప బయటే ఉంచాలా అని ఆమిష్ సంఘమంతా కలిసి తేల్చుకుంటారు, ఆ కట్టుబాట్లని ఓర్డ్‌నుంగ్ అంటారు. చాలా ఆమిష్ కుటుంబాలకి ఫోన్ ఉంటుంది, కాకపోతే ఇంట్లో కాదు, బయట చిన్న చెక్కగదిలో. అది మోగినా భోజనాల దగ్గర్నుంచి ఎవరూ లేవరు. నువ్వు ఆ గది పక్కనుంచే వెళ్లి ఉంటావు, ఆగి చూడాల్సింది.

ఆమిష్‌లనీ మెనొనైట్లనీ ఒకే గాటన కట్టేశావు. మెనొనైట్లు అంతకుముందునుంచీ ఉన్న క్రైస్తవ శాఖ, 1693లో యాకోబ్ అమ్మన్ అనే మతపెద్ద వెంట అందులోంచి విడిపోయినవాళ్లే ఆమిష్‌లు. లాంకాస్టర్‌లో బూడిదరంగు బగ్గీ వాళ్లది, నల్లబగ్గీ అయితే పాత పద్ధతి మెనొనైట్లది. సైకిలు తొక్కేది మెనొనైట్లు, కాలితో నెట్టుకునే స్కూటర్ మీద వెళ్లేది ఆమిష్‌లు. ఇక కార్లు నడుపుతూ కాలేజీలకెళ్లే మెనొనైట్లు బోలెడు మంది. మన మహబూబ్‌నగర్ వైపు మెనొనైట్ బ్రెదరన్ చర్చిలున్నాయి కదా, ఆ చర్చిలో పెరిగిన మనిషి నీ వ్యాసం చదువుతాడనుకుని ఇంకోసారి రాయి.

ఫోటోలు మాత్రం పెట్టకు. మొదటిసారి వెళ్లినప్పుడు నేనూ కెమెరా ఎత్తాను. బగ్గీలో వాళ్లమ్మ పక్కన కూర్చున్న పిల్ల నల్లటోపీ అంచు ముందుకి లాక్కుని మొహం అటు తిప్పేసుకుంది. పదేళ్లు కూడా ఉండవు. బొమ్మకి నిలబడటం వాళ్ల నమ్మకానికి విరుద్ధమని నాకు తెలుసు, తెలిసీ ఎత్తాను. ఆ చిన్న చెయ్యి టోపీ అంచు పట్టుకోవడం ఇంకా కళ్లముందే ఉంది.

నీ వ్యాసంలో నాకు బాగా నచ్చింది ఒక్క వాక్యం. రోడ్డుపక్క బల్లమీద టమాటాలు, పక్కన డబ్బుల డబ్బా, అమ్మే మనిషి లేడు. అది రాసి వెంటనే క్విల్టుల, అంటే గుడ్డముక్కలు కలిపి కుట్టిన దుప్పట్ల, ధరల్లోకి వెళ్లిపోయావు. మళ్లీ వెళ్లు, ఆదివారం వద్దు, ఆ రోజు వాళ్లు అమ్మరు. టమాటాలు కొనుక్కుని, డబ్బాలో డబ్బులేసి, కాసేపు అక్కడే ఉండు. డబ్బా తీసుకెళ్లడానికి ఎవరో ఒకరు వస్తారు. వాళ్ల గురించి రాసి పంపు, చదువుతాను.