బస్ టైమింగ్ కూడా పోస్ట్ చెయ్యాలా?

ఈసారి ఉత్తరాలు దాదాపు అన్నీ హైస్కూల్ పిల్లలు, వాళ్ల ఫోన్ల చుట్టూనే తిరిగాయి. పేర్లు తీసేసి, కొంచెం కుదించి నాలుగు ఇస్తున్నా.

ప్రశ్న: మేడమ్ గారూ, మా పిల్లల హైస్కూల్ వార్తల గ్రూప్ చూసేది నేనే. ఆటలు, ఫంక్షన్లు, సెలవులు అన్నీ అందులో పెడతా, అందరికీ కనబడే పేజీ కూడా ఒకటుంది. మొన్న అమ్మాయిల వాలీబాల్ టీమ్ ఫైనల్‌కి చేరితే ఆ సంతోషంలో ఫోటో పెట్టి, పేర్లు, క్లాస్, సెక్షన్, ఫైనల్ ఎక్కడ, బస్ ఎక్కడినుంచి ఎన్నింటికి బయల్దేరుతుందో అన్నీ రాశా. ఒక అమ్మాయి తల్లి ఫోన్ చేసి వెంటనే తీసెయ్యమంది. మిగతా పేరెంట్సేమో ఇదంతా అతి, పిల్లలు గెలిస్తే చెప్పుకోకూడదా అంటున్నారు. ఎవరిది కరెక్ట్?

జవాబు: ఆ తల్లిదే కరెక్టండీ. గెలుపు గురించి చెప్పుకోవద్దని ఎవరూ అనరు, ఫోటో కూడా పెట్టుకోవచ్చు, ఇబ్బందల్లా ముఖం, పూర్తి పేరు, సెక్షన్, ఎల్లుండి ఎన్నింటికి ఎక్కడుంటుందో ఈ నాలుగూ ఒకే పోస్ట్‌లో కలిసి రావడంతోనే. విడివిడిగా చూస్తే ఏదీ పెద్ద రహస్యం కాదు. కానీ ఆ పిల్లకి ముక్కూమొహం తెలియనివాడెవడో ఇన్‌స్టాలో మెసేజ్ పెట్టాడనుకోండి, "హాయ్, ఎలా ఉన్నావ్" అంటే చూసి వదిలేస్తుంది, అదే "నువ్వు 9బి కదా, సెమీస్‌లో నీ సర్వీస్ అదిరింది, నేను అవతలి టీమ్‌లో ఆడిన అమ్మాయి వాళ్ల అక్కని" అని పెడితే? రిప్లై ఇచ్చేస్తుంది. ఆ ఒక్క మెసేజ్‌కి కావలసిన సరుకంతా మీ పోస్ట్‌లోనే దొరుకుతుంది, హ్యాకింగూ అక్కర్లేదు పాడూ అక్కర్లేదు. తెలియనివాళ్లతో మాట్లాడొద్దని పిల్లలకి రోజూ చెప్తూనే ఉంటాం గానీ, అలాంటివాళ్లు తెలిసినవాళ్లలాగే వస్తారని మాత్రం చెప్పం.

మరి ఎలా రాయాలంటారా. "మన అమ్మాయిలు ఫైనల్‌కి చేరారు! సెమీస్‌లో మొదటి సెట్ పోయినా తర్వాత రెండూ లాగేశారు" అని టీమ్ ఫోటోతో పెట్టండి, చాలు. ఫైనల్ సంగతులు ఫైనల్ అయ్యాక. బస్ టైమ్ ఆ టీమ్ పేరెంట్స్‌కి మాత్రం విడిగా పంపండి, ఊరందరికీ ఎందుకు అది? పేరు వెయ్యాల్సి వస్తే ఇంటిపేరు, సెక్షన్ వదిలేసి, ముందు ఇంట్లోవాళ్లని అడిగి, ఆ పిల్లని కూడా అడిగి వెయ్యండి. ఈ రెండోది చాలామంది మర్చిపోతారు, పద్నాలుగేళ్ల పిల్లకి తన ఫోటో ఎక్కడ పడుతోందో చెప్పే హక్కు లేదన్నట్టు ఉంటారు మనవాళ్లు. పోస్ట్ చేసే ముందు ఫోటోని ఒకసారి జూమ్ చేసి చూడండి, మెడలో ఐడీ కార్డ్ మీద నంబరు, జెర్సీ వెనక పేరు, వెనకాల గోడ మీద మార్కుల లిస్టు, ఇలాంటివి మామూలుగా చూస్తే కనబడవు. ఇంకోటి, ఫోన్ కెమెరాలో లొకేషన్ ఆన్‌లో ఉంటే తీసిన చోటు ఫోటో ఫైల్లోనే రికార్డవుతుంది. వాట్సాప్‌లో మామూలు ఫోటోగా పంపితే ఆ వివరం పోతుంది గానీ క్వాలిటీ తగ్గకూడదని డాక్యుమెంట్‌గానో మెయిల్‌లోనో పంపితే దాంతోపాటే వెళ్తుంది. కాబట్టి కెమెరాకి లొకేషన్ పర్మిషన్ తీసేస్తే గొడవే లేదు.

గ్రూప్ గురించి కూడా ఒక మాట. వాట్సాప్ గ్రూప్‌లో ఉన్న ప్రతివాళ్ల నంబరూ మిగతా అందరికీ కనబడుతుంది, పిల్లల నంబర్లు ఉంటే అవి కూడా. ఇన్వైట్ లింక్ ఒకసారి బయటకి పోయిందంటే ఎవరైనా లోపలికొచ్చేస్తారు, అందుకని కొత్తగా వచ్చేవాళ్లని అడ్మిన్ ఓకే చేస్తేనే చేరేలా సెట్టింగ్ పెట్టండి, పాత లింక్ రీసెట్ చెయ్యండి. వార్తలు చెప్పడమే పనైతే వాట్సాప్‌లోనే ఛానెల్ పెట్టుకోవడం మేలు, అందులో ఫాలో అయ్యేవాళ్ల నంబర్లు ఒకరికొకరికి కనబడవు. ఆ తల్లికి మాత్రం ఫోన్ చేసి థాంక్స్ చెప్పండి.

ప్రశ్న: అక్కా, నేను టెన్త్. మా ఫ్రెండ్‌కి ఒక అమ్మాయి ఇన్‌స్టాలో రిక్వెస్ట్ పెట్టింది, మా స్కూల్ వాళ్లు చాలామంది మ్యూచువల్స్‌లో, అంటే ఇద్దరికీ కామన్ ఫ్రెండ్స్‌లో ఉన్నారు కాబట్టి యాక్సెప్ట్ చేశాడు. రెండ్రోజులు బాగా మాట్లాడింది, తను బట్టల్లేని ఫోటో పంపి వీడిని కూడా అలాంటిదే పంపమంది. పంపాడు. ఇప్పుడు డబ్బులు పంపకపోతే నీ ఫాలోవర్స్ అందరికీ పెడతా అని వాళ్ల లిస్ట్ స్క్రీన్‌షాట్ తీసి పంపింది. ఇంట్లో తెలిస్తే చంపేస్తారంటున్నాడు, సరిగ్గా నిద్ర కూడా పోవట్లేదు. నేనేం చెయ్యాలి?

జవాబు: నాన్నా, ముందు అవతల ఉన్నది అమ్మాయని అనుకోవడం మానెయ్యండి ఇద్దరూ. ఇది చాలా దేశాల్లో గ్యాంగులు చేస్తున్న మోసం, అమెరికాలో ఎఫ్‌బీఐ కూడా దీనిమీద చాలాసార్లు హెచ్చరించింది, డబ్బు కోసం చేసే ఈ రకం బెదిరింపులో ఎక్కువగా చిక్కేది 14 నుంచి 17 ఏళ్ల మగపిల్లలేనని. మ్యూచువల్స్ అన్నావు చూడు, అది కూడా ప్లానే. ముందు స్కూల్ పేజీ ఫాలో అయ్యేవాళ్లలో ఓ పదిమందికి రిక్వెస్టులు పెట్టి, నలుగురు యాక్సెప్ట్ చేశాక ఐదోవాడి దగ్గరికి వస్తారు. మీ వాడు తెలివితక్కువవాడేం కాదు, వాళ్లు రోజూ చేసే పనే అది.

డబ్బు పంపొద్దు. పంపితే ఆగరు, వీడు ఇస్తాడని తెలిసింది కదా అని మళ్లీ అడుగుతారు. భయపడి చాట్ డిలీట్ చెయ్యొద్దు, అకౌంట్ కూడా మూసెయ్యొద్దు. ఆ అకౌంట్ యూజర్‌నేమ్, ప్రొఫైల్ లింక్, బెదిరించిన మెసేజ్‌లు, డబ్బు పంపమన్న వివరాలు స్క్రీన్‌షాట్ తీసి ఉంచి, ఆ తర్వాత యాప్‌లో రిపోర్ట్ కొట్టి బ్లాక్ చెయ్యమను. ఫోటో మాత్రం సాక్ష్యం కోసమని కూడా నువ్వు ఎవరికీ ఫార్వర్డ్ చెయ్యకు, నీ ఫోన్లో కూడా ఉంచుకోకు, పద్దెనిమిది నిండనివాళ్ల అలాంటి ఫోటో దగ్గర ఉండటమే చాలా దేశాల్లో నేరం.

ఫోటో బయటకి రాకుండా ఆపడానికి టేక్ ఇట్ డౌన్ అని ఒక ఫ్రీ సర్వీస్ ఉంది. నడిపేది అమెరికాలోని నేషనల్ సెంటర్ ఫర్ మిస్సింగ్ అండ్ ఎక్స్‌ప్లాయిటెడ్ చిల్డ్రన్, కానీ ఎక్కడివాళ్లైనా వాడొచ్చు, పేరు చెప్పక్కర్లేదు. అందులో ఫోటో అప్‌లోడ్ అవ్వదు, మీ వాడి ఫోన్లోనే ఆ ఫోటోకి వేలిముద్రలాంటి ఒక కోడ్ తయారై ఆ కోడ్ మాత్రమే వెళ్తుంది. ఇందులో చేరిన ఇన్‌స్టా, ఫేస్‌బుక్, స్నాప్‌చాట్ లాంటివి ఆ కోడ్‌తో పోల్చి చూసి ఆ ఫోటో ఎవరైనా పెడితే తీసేస్తాయి. ఎన్‌క్రిప్షన్ ఉన్న, అంటే మాట్లాడుకునేవాళ్లు తప్ప ఇంకెవరూ చూడలేని ప్రైవేట్ చాట్‌లలో ఇది పనిచెయ్యదు, ఆ సంగతి ముందే తెలిసుండటం మంచిది.

ఇవన్నీ ఒక ఎత్తు, ఇంట్లో చెప్పడం ఒక ఎత్తు. వాళ్లింట్లో ఎవరు తక్కువ కేకలేస్తారో వాళ్లకి ముందు చెప్పమను, బాబాయో, అక్కో, లేదా స్కూల్లో నమ్మకమున్న టీచరో. నువ్వు పక్కనే ఉండు. పోలీసుల దగ్గరికి పెద్దవాళ్లే తీసుకెళ్తారు. ఒకవేళ వాడి నోట్లోంచి చచ్చిపోతాననే మాట సరదాగా వచ్చినా సరే, వాణ్ణి ఒంటరిగా వదలకు, ఎవరికీ చెప్పనని ఒట్టేసినా పక్కనపెట్టి ఆ నిమిషమే పెద్దవాళ్లకి చెప్పెయ్.

ప్రశ్న: మా పాపకి పదమూడు. ఇన్‌స్టాలో నాకు చూపించే అకౌంట్ కాకుండా ఇంకోటి ఉందని తెలిసింది. తనకి తెలియకుండా మెసేజ్‌లు చూసే యాప్ ఫోన్లో వెయ్యమని మా తమ్ముడు అంటున్నాడు. వెయ్యమంటారా?

జవాబు: వద్దండీ. ఏదో ఒకరోజు పాపకి తెలిసిపోతుంది, మూడో అకౌంట్ తెరుస్తుంది, ఈసారి ఫ్రెండ్ ఫోన్లో. పైగా అలాంటి దొంగచాటు యాప్ అంటే మీ పాప చాట్లూ ఫోటోలూ అన్నీ తీసుకెళ్లి ఎవడో కంపెనీవాడి సర్వర్లో పెట్టడమే, అవి లీకైన సందర్భాలు బోలెడున్నాయి. రెండో అకౌంట్ ఉన్నంతమాత్రాన ఘోరం జరిగిపోయినట్టు కాదు, చాలామంది ఆ వయసు పిల్లలకి ఉంటుంది, అమ్మమ్మా మేనత్తలూ లేని చోట ఫ్రెండ్స్‌తో వాగడానికి.

తనతో కూర్చుని అకౌంట్‌లో పుట్టినరోజు ఏమిచ్చిందో చూడండి. ఇది చిన్న విషయంలా ఉంటుంది గానీ అసలు కిటుకంతా అక్కడే. ఇన్‌స్టా 2024 సెప్టెంబర్‌లో టీన్ అకౌంట్లు మొదలుపెట్టింది, వాటిలో అకౌంట్ దానంతటదే ప్రైవేట్‌లో ఉంటుంది, తను ఫాలో అవ్వనివాళ్లు మెసేజ్ పెట్టలేరు, 16 లోపు పిల్లలు ఆ కట్టుబాట్లు సడలించాలంటే పెద్దవాళ్లు ఒప్పుకోవాలి. పుట్టిన సంవత్సరం వెనక్కి జరిపి పెద్దదాన్నని చెప్పుకుంటే ఇవేవీ వర్తించకుండా పోవచ్చు. అది సరిచేయించండి. దానికి బదులుగా మీరూ ఒకటి ఒప్పుకోవాలి: ఏదైనా తేడాగా జరిగి తనే వచ్చి చెప్తే ఆ రోజు ఫోన్ లాక్కోనని. పైన ఉత్తరం చదివారు కదా, ఆ అబ్బాయి బెదిరించేవాళ్లకి ఎంత భయపడుతున్నాడో ఇంట్లోవాళ్లకీ అంతే భయపడుతున్నాడు.

ప్రశ్న: నేను హైస్కూల్ టీచర్‌ని. మా స్కూల్ పేరు పెట్టి ఎవరో కన్ఫెషన్స్ పేజీ, అంటే పేరు చెప్పకుండా ఎవరేం రాసి పంపినా వేసే పేజీ నడుపుతున్నారు. పిల్లల మీద పుకార్లు, ఈమధ్య ఒకమ్మాయి మార్ఫింగ్ ఫోటో కూడా వచ్చింది. అసెంబ్లీలో నిలబెట్టి ఎవరో తేల్చాలని హెడ్‌మాస్టర్ గారంటున్నారు.

జవాబు: అసెంబ్లీలో తేలేది ఒక్కటే, ఇంకా చూడనివాళ్లు కూడా ఆ పూటే వెతుక్కుని చూస్తారు. ముందు ఆ అమ్మాయి, వాళ్ల ఇల్లు. ఫోటో ఉన్న పోస్ట్ లింక్ రాసి పెట్టుకుని రిపోర్ట్ చేయించండి, పేజీ మీద స్కూల్ తరఫున విడిగా కంప్లయింట్ పెట్టండి, ఎవరూ ఆ పేజీలో కామెంట్ చెయ్యొద్దని క్లాసుల వారీగా నెమ్మదిగా చెప్పండి, తిట్టడానికి చేసిన కామెంట్ కూడా దాన్ని పైకి తీసుకొస్తుంది. చేసినవాళ్లు పిల్లలే అయ్యుండొచ్చు, అలాగని నవ్వి వదిలేసే విషయం కాదు: 2023లో స్పెయిన్‌లోని అల్మెంద్రలెహోలో తోటి అమ్మాయిల సోషల్ మీడియా ఫోటోల్ని ఏఐతో నగ్నంగా మార్చి పంచుకున్నందుకు 15 మంది మైనర్లకి మరుసటి ఏడాది కోర్టు ఏడాదిపాటు ప్రొబేషన్ (జైలుకి పంపకుండా పర్యవేక్షణలో ఉంచే శిక్ష) వేసింది. మీ దగ్గర ఏ చట్టం వర్తిస్తుందో పోలీసులు చెప్తారు, దర్యాప్తు వాళ్లని చెయ్యనివ్వండి. ఆ అమ్మాయి రేపు స్కూల్‌కి వస్తే ఏ బెంచీలో ఎవరి పక్కన కూర్చుంటుందో మాత్రం మీరే ఇవాళ తనతో మాట్లాడి చూసుకోండి.