కెర్నల్ ఆగుతోంది కానీ బ్రేక్‌పాయింట్ పడటం లేదు: సమాధానం

గుంటూరు కాలేజీ ల్యాబులో ఒకే కంప్యూటర్‌పై రెండు వర్చువల్ మెషీన్లు పెట్టి, సీరియల్ పోర్టు మీదుగా లైనక్స్ కెర్నల్‌ను (ఆపరేటింగ్ సిస్టమ్‌కు మూలమైన ప్రోగ్రామ్‌ను) డీబగ్ చేస్తున్నానన్నారు, అంటే అందులోని తప్పులు వెతుకుతున్నారు. కెర్నల్‌లోనే ఉండే డీబగ్ సాధనం కెజిడిబి దగ్గర కెర్నల్ ఆగుతోంది, రెండో మెషీన్‌లోని డీబగ్గర్ ప్రోగ్రామ్ జిడిబి దానితో కలుస్తోంది, బ్రేక్‌పాయింట్ (కోడ్‌లో ఫలానా చోట ఆగమని పెట్టే గుర్తు) దగ్గర మాత్రం ఆ చిరునామాలోని మెమరీ అందడం లేదంటోంది. అంటే మీ సీరియల్ పోర్టు చక్కగా పనిచేస్తోందన్నమాట. దాన్ని ఇక కదపకండి.

అసలు చిక్కు కేఏఎస్ఎల్ఆర్, అంటే కెర్నల్ చిరునామాను మార్చేసే ఏర్పాటు. దీనివల్ల భద్రత కోసం కెర్నల్ బూట్ అయిన ప్రతిసారీ మెమరీలో కొత్త చోట కూర్చుంటుంది. ఎక్స్86 (ఇంటెల్, ఏఎండీ తరహా) ప్రాసెసర్లలో లైనక్స్ 4.12 వెర్షన్ నుంచి ఇది ముందే ఆన్ చేసి ఉంటుంది. జిడిబి మాత్రం విఎంలైనక్స్ ఫైలులో (కెర్నల్‌ను బిల్డ్ చేసినప్పుడు వచ్చే, కుదించని ఫైలు) రాసి ఉన్న చోటే వెతుకుతుంది.

డీబగ్ చేయాల్సిన మెషీన్‌లో గ్రబ్ (కెర్నల్‌ను బూట్ చేసే ప్రోగ్రామ్) బూట్ వరుసకు ‘నోకేఏఎస్ఎల్ఆర్’ చేర్చి, మళ్లీ బూట్ చేయండి. తర్వాత ప్రాక్ డైరెక్టరీ కింద ఉన్న కాల్‌సిమ్స్ ఫైలును (కెర్నల్‌లోని పేర్లు, వాటి చిరునామాల జాబితా) రూట్‌గా, అంటే అన్ని అధికారాలున్న యూజర్‌గా తెరవండి. మామూలు యూజర్‌కు చిరునామాలన్నీ సున్నాలుగానే కనిపిస్తాయి. 64 బిట్ల ఎక్స్86లో ‘_టెక్స్ట్’ గుర్తు ఎదురుగా ఎనిమిది ఎఫ్‌లు, ఆపై 81, ఆ వెనుక ఆరు సున్నాలు ఉండాలి. విజయవాడలో మా దగ్గర కొత్తగా చేరినవారికి నేను మొదట చూపించేది ఈ వరుసే. ఇది కళ్లారా చూస్తే సగం భయం పోతుంది.

జిడిబికి ఇచ్చే విఎంలైనక్స్ కూడా నడుస్తున్న కెర్నల్ బిల్డ్‌లోదే అయి, డీబగ్ సమాచారంతో ఉండాలి. బూట్ అయ్యే బీజెడ్ఇమేజ్ (కుదించిన కెర్నల్ ఫైలు) ఇందుకు పనికిరాదు. అప్పటికీ కుదరకపోతే ఆ ‘_టెక్స్ట్’ వరుసను యథాతథంగా ఇక్కడ రాయండి, చూసి చెబుతాను.