కనిగిరి మీదుగా వచ్చే రైలు గురించి ఎమ్మెల్యే అసెంబ్లీలో మంత్రిని ఎందుకు నిలదీయరు?

రైల్వేలు కేంద్రం చేతిలో ఉన్నాయి కాబట్టి, రైలు ఎప్పుడొస్తుందని అసెంబ్లీలో రాష్ట్ర మంత్రిని అడగడం కుదరదు. ఆ ప్రశ్న పార్లమెంటులో ఎంపీ వేయాలి. ప్రశ్నోత్తరాల సమయంలో ఏ మంత్రయినా తన ప్రభుత్వ పరిధిలోని విషయాలకే జవాబుదారీ. రాజ్యాంగం ఏడో షెడ్యూలు రైల్వేలను కేంద్ర జాబితాలో పెట్టింది. వెలిగొండ సంగతి వేరు, అది రాష్ట్ర సాగునీటి ప్రాజెక్టు. దాని సొరంగాల పనిపై ఎంతైనా అడగొచ్చు.

అలాగని ఎమ్మెల్యే చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు. కనిగిరి మీదుగా వెళ్లే నడికుడి–శ్రీకాళహస్తి రైల్వే లైనునే తీసుకోండి. పట్టాలు వేయడం రైల్వే పని, కానీ భూమి సేకరించేది రాష్ట్ర రెవెన్యూ యంత్రాంగం. "కనిగిరి నియోజకవర్గంలో ఎన్ని ఎకరాలు తీసుకున్నారు, ఇంకా ఎంతమంది రైతులకు పరిహారం అందలేదు?" అని రెవెన్యూ మంత్రిని నిక్షేపంగా అడగొచ్చు. దీన్ని నక్షత్ర గుర్తు ప్రశ్నగా ఇస్తేనే మేలు. అప్పుడు మంత్రి సభలో లేచి జవాబు చెప్పాలి, దానిపై అనుబంధ ప్రశ్నలూ వేయొచ్చు. గుర్తు లేని ప్రశ్నకు రాతపూర్వక జవాబు వస్తుంది, అంతటితో సరి. పొలం ఇచ్చేసి డబ్బు కోసం ఆఫీసుల చుట్టూ తిరిగే రైతుకు పనికొచ్చేది ఆ అనుబంధ ప్రశ్నే.

ప్రశ్నోత్తరాల్లో ఎమ్మెల్యే అప్పటికప్పుడు లేచి ఏదైనా అడగొచ్చని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. ముందే రాసి నోటీసు ఇవ్వాలి, స్పీకర్ అనుమతించాలి. ప్రతిపక్షం వాళ్లే అడగాలన్నదీ అపోహే. అధికార పక్ష సభ్యులకూ అదే హక్కుంది.